సున్నా తొమ్మిది

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
ఎరువుల దుకాణానికీ జిరాక్సు డబ్బాకూ నడుమ
నా మినీ బ్యాంకు.
ఒక టేబులు, ఒక వేలిముద్రల మిషను,
ఎండకు వెలిసిన బోర్డు మీద
నఫీసా, బ్యాంకు మిత్ర.

పొద్దంత అంకెలు కొడత.
కార్డుకు పదహారు, నాలుగు నాలుగు చొప్పున,
కూలోళ్లు సద్దికి కూసున్నట్టు వరుసగ.
ఒక్కటి తప్పు పడ్డా స్క్రీను ఎర్రగైతది: చెల్లదు.
మొదట్ల భయమైతుండె.
నా వేలు జారిందని
ఈ డబ్బాకు ఎవరు చెప్పిన్రు?

ముత్తిలింగం సారు చెప్పిండు.
సొసైటీ బ్యాంకుల ముప్పై ఏండ్లు లెడ్జర్లు రాసిన మనిషి,
పింఛనుకని వస్తడు, చాయ్ తాగుతడు, పోడు.
క్యాలెండర్ల అయిపోయిన నెల చింపి
ఎనుక రాసి చూపిండు:
కుడి దిక్కు నుంచి మొదలువెట్టు బిడ్డా.
ఒకటి వదులు, పక్కదాన్ని రెట్టింపు చెయ్.
ఏడు పద్నాలుగైతే ఒకటీ నాలుగూ కలుపు, అయిదు.
అన్నీ కూడు. మొత్తానికి చివర సున్నా రావాలె.
రాకుంటే ఏడనో జారింది.
ఆ ఆఖరి అంకె ఉన్నది చూడు,
దానికి సొంత గింజ లేదు,
కల్లం కాడ పండుకునే కావలోడు అది.

పోయిన పత్తి కాలం, ఒక మంగళారం.
తండా నుంచి మంగ్తి వచ్చి
కొంగు ముడి ఇప్పింది.
నాలుగు వేల రెండు వందలు, పత్తి ఏరిన కూలి.
పంట లోను కార్డుకు కట్టుమన్నది.
కరెంటు పోయి వచ్చింది. ఎనుక నలుగురు గునుస్తున్నరు.
కార్డు మీద సున్నా తొమ్మిది.
నేను కొట్టింది తొమ్మిది సున్నా.

స్క్రీను ఎర్రగ కాలే.
పచ్చగ అయ్యి రసీదు కక్కింది.

రెండు నెలలకు నోటీసు: మీరు కట్టలేదు.
రసీదు తెచ్చి టేబులు మీద పెట్టింది మంగ్తి. కొట్లాడలే.
కార్డూ రసీదూ పక్కపక్కన పెట్టి
అంకె అంకె మీద గోరుతో నడిచిన.
మూడో గుంపుల దొరికింది.

ఆ రాత్రి క్యాలెండరు కాయితం తీసి కూడిన.
తొమ్మిది రెట్టింపు పద్దెనిమిది,
ఒకటీ ఎనిమిదీ మళ్ల తొమ్మిది.
సున్నా రెట్టింపు సున్నా.
అటు తిప్పినా ఇటు తిప్పినా మొత్తం అంతే.
కావలోడు నిద్రపోలే.
గింజలు లెక్కపెట్టిండు,
కుప్ప ఎవరిదని అడగలే.

సారుకు చూపెడితే అద్దాలు తీసి తుడిచి
పెట్టుకొని, మళ్ల తీసిండు.
ముప్పై ఏండ్లు, అన్నడు. ఊకున్నడు.
చాయ్ మీద మీగడ కట్టింది.

ఎవరి కార్డుల పడ్డయో ఆ పైసలు!
ఏ ఊర్ల ఎవరి బాకీ ఒక నెల తేలికైందో,
దేవుని దయ అనుకున్నరో, చూసుకోనే లేదో.
దరఖాస్తు మూడుసార్లు రాసిన.
నలభై మూడు దినాలు.
ఆ దినాల వడ్డీ ఎవరు కట్టిన్రో ఈడ చెప్పను.

పైసలు మలిగినంక మంగ్తి అడిగింది,
యాడ తప్పింది చూపియ్.
చదువు రాదు ఆమెకు.
ఉబ్బెత్తు అంకెల మీద బొటనవేలు ఆనించి
మెల్లగ జరిపింది, బియ్యంల రాళ్లు ఏరినట్టు.
గుండు ముందు, తోకది ఎనుక, అన్నది.
సారు చెప్పిన లెక్క నేనూ చెప్పిన,
తొమ్మిదిని రెట్టింపు చేసినా తొమ్మిదే,
సున్నాను రెట్టింపు చేసినా సున్నానే.
గది నాకు ఎరికే, అన్నది.
ముక్కుపుల్ల మెరిసింది. నవ్విందో, లేదో.

ఇప్పుడు ఎవరి కార్డుల ఆ జంట కనవడ్డా
నా చెయ్యి ఆగుతది.
స్క్రీను పచ్చగున్నా ఆగుతది.
తల ఎత్తి అడుగుత:
గుండు ముందా, తోక ముందా?
లైన్లున్నోళ్లు నవ్వుతరు.
జర జల్ది కానియ్ అమ్మా,
అచ్చంపేట బస్సు పోతది, అంటడు ఒకడు.
పోనియ్. ఇంకోటి వస్తది.
చెప్పు, ఏది ముందు?