ఒక మిల్లీమీటరు

ఊబినేల ఏడాదికి ఒక్క మిల్లీమీటరు ఎదుగుతుందని
మొదటిరోజే చెప్పింది హెల్వి,
మోకాళ్ళదాకా నాచులో దిగబడి
గొట్టంతో నేల కడుపులోంచి
ఒక నల్లటి కడ్డీని పైకి లాగుతూ.
వేలు పెట్టి చూపించింది:
ఇక్కడ అడవి తగలబడింది.
ఇక్కడ ఎవరో మొదటిసారి రై గింజలు చల్లారు.
ఇదిగో, ఇక్కడ ఏమీ జరగలేదు.
ఆ ఏమీ జరగని ముక్కే
నా జానకంటే పొడుగుంది.

ఇవాళ పెట్టె సర్దుతూ
ఆ కొలబద్ద నా ఏడాదికి పెట్టి చూస్తున్నాను.

తెల్లవారుజామున మూడింటికి ఊర్వే రొట్టెల బట్టీ.
తార్తూ ఊరంతా మంచు కింద ముడుచుకుంటే
నేనూ ఆ పొయ్యీ మేలుకుని ఉండేవాళ్ళం.
పులిసిన రై పిండి వాసన కొత్తేం కాదు నా ముక్కుకి,
మూడోనాటి దోసెలపిండే, కాస్త నల్లబడింది, అంతే.
ఆరు వారాలు ఊర్వే నాతో మాట్లాడలేదు.
ఏం తప్పు చేశానా అని పడుకుని లెక్కపెట్టుకునేదాన్ని.
ఏడో వారం నేను కాల్చిన రొట్టెని తిరగేసి
అడుగున వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని
"పర్వాలేదు" అంది.
పక్క గదిలో ఉండే జార్జియా కుర్రాడు నోదర్
ఆ మాట విని లేచి చప్పట్లు కొట్టాడు.
ఇక్కడ అంతకుమించి ఎవరూ ఎవర్నీ పొగడరట.

భాష సంగతి చెప్పాలి.
డు-ము-వు-లు అని ఊగుతూ వల్లించి
ఎనిమిదింటికే తలనొప్పి తెచ్చుకున్నదాన్ని.
వీళ్ళకి పద్నాలుగు విభక్తులు.
ఇంట్లో ఉంటే ఒకటి, ఇంట్లోకి వస్తే ఒకటి,
ఇంట్లోంచి పోతే ఇంకొకటి.
లేకపోవడానికి కూడా ఒకటుంది:
ఉప్పు లేకుండా, గొడుగు లేకుండా, మనిషి లేకుండా,
అన్నిటి చివరా ఒకే చిన్న తోక.
అదొక్కటే నాకు మొదటి నెలలో వచ్చేసింది.

డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
ఇంటావిడ మైమూ, ఎనభై ఒకటి,
నా కోటు జేబుకి తాడుతో ఒక బిళ్ళ కట్టింది.
ముళ్ళపంది బొమ్మ, వెలుతురు పడితే మెరుస్తుంది.
"ముందు కారువాడికి కనబడు.
చదువు సంగతి తర్వాత."

చూడాల్సిన ఊళ్ళు పదకొండని రాసుకున్నాను.
చూసినవి రెండున్నర.
ఆ అర, రీగా.
బస్సు దిగగానే పన్ను విరిగి
పళ్ళ డాక్టరు కుర్చీలోనే పూటంతా గడిచింది.
నోరు తెరుచుకుని కిటికీలోంచి చూశాను:
ఒక చర్చి శిఖరం, దానిమీద బంగారు కోడిపుంజు
గాలి ఎటంటే అటు తిరుగుతూ.
రీగా ఎలా ఉందని ఎవరడిగినా
ఆ పుంజు గురించి పావుగంట చెప్పగలను.

జనవరిలో ఫ్రీజరు ఆగిపోయింది.
ఆగిపోవడమేమిటి, ప్లగ్గు నేనే పీకాను,
ఫోను చార్జింగు పెట్టుకోవడానికి.
మూడు నెలల కడ్డీలు, ఒక బకెట్టు నల్లనీళ్ళు.
రెండు రోజులు హెల్వికి చెప్పలేదు.
చెప్పాక ఆమె కిటికీ వైపు చాలాసేపు చూసి
"ఊబి ఎక్కడికీ పోదులే" అంది.
మళ్ళీ వెళ్ళాం, మంచుబూట్లేసుకుని,
గడ్డకట్టిన గొట్టాన్ని ఊపిరితో వెచ్చబెట్టుకుంటూ.
అక్కడి పైన్ చెట్లు నా నడుందాకా రావు.
మొక్కలనుకున్నాను.
రెండొందల ఏళ్ళవట.
వాటి మధ్య నిలబడి
ఆర్నెల్లకే ఏదో అయిపోవాలనుకున్న నన్ను తలుచుకుంటే
నవ్వొచ్చింది. కాస్త కన్నీళ్ళు కూడా,
అవి చలికి.

వెయ్యేళ్ళ తర్వాత ఎవరో గొట్టం దించి
ఈ ఏడాది మీద వేలు పెడతారు.
ఇక్కడ ఏమీ జరగలేదు, అంటారు.
సరే.

పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగింది.
బూట్లు బయటికి లాగి ఒకదానికొకటి గట్టిగా కొట్టాను.
అడుగు గాళ్ళలోంచి ఎండిన నల్లపొడి
గుప్పెడు రాలింది చెక్కనేల మీద.
ఏ కాలం నాటిదో,
ఎన్ని చలికాలాలున్నాయో అందులో,
వంగి చూస్తున్నాను.
మైమూ గొణుక్కుంటూ చీపురు తెచ్చి
రెండు ఊడుపుల్లో ఎత్తేసింది.