లెక్కా తూకమూ

జానెడున్నర ఎత్తు నుంచి వదలాలి చుక్కని.
తక్కువైతే కణం విచ్చుకోదు,
ఎక్కువైతే లోపలివన్నీ చెల్లాచెదరు.
పోర్తో ఆసుపత్రి మూడో అంతస్తులో
ఇరవై రెండేళ్లుగా నేను నేర్చిన విద్య ఇంతే:
చల్లటి గాజుపలక మీదికి
ఒకరి రక్తం ఎంత పైనుంచి రాలాలో.

ఆ తర్వాత ఫోటో. ఆ తర్వాత కత్తెర.
క్రోమోజోముల్ని ఒక్కొక్కటే కత్తిరించి
పొడుగు చూసి, నడుము చూసి, చారలు చూసి
జతకు జతగా అట్ట మీద అంటించడం.
మా అమ్మ దర్జీ. ఓసారి వచ్చి చూసి నవ్వింది:
"ఎవరికే ఇంత బుల్లి చేతితొడుగులు?"

ఒకరోజు తుమ్మాను. ఇరవై రెండో నంబరు ఎగిరిపోయింది.
సాయంత్రం దాకా బల్లల కింద పాకుతూ వెతికాం.
లోపల జరిగేదీ ఇలాంటి తుమ్మే కాబోలు.
రెండు పోగులు విడిపోవాల్సిన క్షణాన
ఎక్కడో ఒక చిన్న తత్తరపాటు.

డెబ్భై ఎనిమిది, నవంబరు. కిటికీలకు మంచు.
మతోజీన్యూష్ నుంచి ఎర్మెలిండా వచ్చింది,
సార్డీన్ చేపల్ని డబ్బాల్లో సర్దే ఫ్యాక్టరీ మనిషి.
వేళ్లకు నూనె వాసన.
మూడు కాన్పులు నెలలు నిండకుండానే పోయాయి.
నాలుగోవాడు ఒళ్లో, పదహారు నెలల అబీలియో:
ఇంకా నిలవని మెడ,
అరచేతికి అడ్డంగా ఒకే ఒక్క గీత,
గుండెలో గాలి దూరిన తలుపు చప్పుడు.

బిడ్డ బట్టలు వెన్నెల్లో ఆరేసిందని అత్త.
ఎక్స్‌రే తీయించుకుందని ఆడపడుచు.
మొగుడు మాత్రం ఏమీ అనలేదు,
అనకుండానే పడవెక్కి పోయాడు.

ఆమెవి లెక్కపెట్టాను. నలభై అయిదు.
కళ్లు నలుపుకుని మళ్లీ. ఇంకో కణం. ఇంకో పదకొండు కణాలు.
నలభై అయిదే.
అప్పుడు కనిపించింది:
ఒక ఇరవై ఒకటో నంబరు
పద్నాలుగో దాని భుజాల మీదెక్కి కూర్చుంది,
తిరునాళ్లలో తండ్రి మీద బిడ్డలాగా.
పోయిందేమీ లేదు. అందుకే ఆమెకు జలుబు తప్ప ఏ జబ్బూ రాలేదు.
పిల్లవాడివి నలభై ఆరు.
సరిగ్గా ఉండాల్సినన్ని.
సరిగ్గా ఉండడమే అక్కడ తప్పు.

డాక్టరు గారు చాలాసేపు చెప్పారు.
ఆమె చాలాసేపు తలూపింది, ఏమీ అర్థం కాని తలూపు.
ఆయన వెళ్లాక, చేయకూడని పని,
రెండు అట్టలూ ఆమె చేతికిచ్చాను.
దీపానికెత్తి చూసింది.
"ఇవి మా చేపలే కదా" అంది. "తలా తోకా."

ఆ తర్వాత నెమ్మదిగా, బల్ల మీద వేలితో గీస్తూ:
"మా దగ్గర లెక్కపెట్టే ఆడవాళ్లు వేరు,
చివర్లో కాటా వేరు.
నా డబ్బాలో చేప ఒకటి తక్కువ, తూకం సరి.
వీడి డబ్బాలో లెక్క సరి, తూకం ఒక చేప ఎక్కువ.
అంతేనా?"

అంతే.
ఇరవై రెండేళ్లలో ఇంత పొట్టిగా
ఆ మాట నేనెవరికీ చెప్పలేకపోయాను.

"మరి నన్నిలా సర్దిందెవరు?"

మీ అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు,
వాళ్లకు ముందు ఎవరో కావచ్చు, నీతోనే మొదలై ఉండొచ్చు.
నువ్వింకా మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే
నీ అండాలన్నీ సగం విడిపోయి ఆగిపోయాయి,
సైరన్ కోసం ఆగిన మీ లైనులాగా,
ఏళ్ల తరబడి.
మళ్లీ కదిలిన రోజున ఏది ఎటు పోతుందో
చూసుకోడానికి అక్కడ ఎవరూ లేరు ఎర్మెలిండా.
తిట్టడానికైనా లేరు, దండం పెట్టడానికైనా.

ఆమె ఏడవలేదు. "వెన్నెల కాదన్నమాట" అంది.
ఈసారి పుట్టేవాళ్ల సంగతి అడిగింది.
నీలాగా కావచ్చు, వీడిలాగా కావచ్చు,
ఏ మెలికా లేకుండా రావచ్చు, అసలు రాకనే పోవచ్చు.
"సముద్రమే నయం," అంది, "కాస్త ముందుగా మబ్బు పడుతుంది."

ఈలోగా అబీలియో
తన అట్ట తానే లాక్కుని మూల నమిలాడు.
జిగురింకా ఆరలేదు.
ఇప్పటికీ ఆ ఫైలులో
రెండు పాలపళ్ల గాట్లున్నాయి,
రిపోర్టులో రాయడానికి వాటికి నంబరు లేదు.

రెండింటికి ఆమె షిఫ్టు.
వాణ్ణి చంకకెత్తుకుని, తలుపు దగ్గర ఆగి,
ఇటునుంచి అటు మార్చుకుంటూ
"చూశారా" అంది, మొదటిసారి నవ్వి,
"నెల రోజుల్లో ఎంత బరువయ్యాడో!"