పావు చుట్టు

రెండు చక్రాల మధ్య మూడు వారాలు ఊగాను.
ఒకటి లుబ్లియానాలో, అద్దాల దుకాణంలో
కొత్త బూటులా నల్లగా వేలాడుతోంది.
రెండోది ఇంకా లేదు.
స్రెచ్కో నోటి మాటల్లో ఉంది:
హబ్బు ఇది, రిమ్ము అది, స్పోకులు ఇరవై ఎనిమిది,
నడుము సన్నం, చివర్లు లావు.
"గురువారానికి" అన్నాడు.
ఏ గురువారమో అనలేదు.

ఇద్రియాలో ఎటు తిరిగినా ఎత్తే.
కాళ్ళ కింద మూతపడ్డ పాదరసం గని,
నెత్తి మీద వోయ్‌స్కోకి పోయే రోడ్డు.
శనివారం పొద్దున్నే అది నా ఊపిరిని
అప్పులవాడిలా లెక్కపెట్టి తీసుకుంటుంది.
పందేలకెక్కే మనిషిని కాను. యాభై రెండేళ్ళు.
ఆసుపత్రి లాబులో పరాయి నెత్తుటి చుక్కలు చూసుకునేదాన్ని.
నూట నలభై గ్రాములు తగ్గితే
నాకేం ఒరుగుతుందో నాకే తెలీదు.
అయినా ఆ తూకాలు రాసిన కాగితాన్ని
మడిచి పర్సులో పెట్టుకు తిరిగాను,
ఎవరిదో ఫొటోలా.

గని మూసేదాకా స్రెచ్కో అక్కడ పంపుల మెకానిక్కు.
ఇప్పుడు వంటింటి పక్క గదిలో
చక్రాన్ని స్టాండుకెక్కించి
స్పోకుల్ని జంటలుగా గుప్పిట్లో నొక్కి,
వేలితో మీటి, తల వంచి వింటాడు.
"ఇది గొంతు పెంచింది" అంటాడు.
పావు చుట్టు వెనక్కి.
గోడకవతల మిలోయ్కా
దిండు మీద లేసు అల్లుతుంటుంది.
అటు చెక్క కండెల టకటక,
ఇటు తీగల టింగుమనడం.
వాళ్ళిద్దరూ ఒకరినొకరు కేకేసుకోవడం
నేనెప్పుడూ వినలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
చేతిపని గెలిచింది, అట్టపెట్టె ఓడింది
అని రాసుకుని ఇంటికి పోయేదాన్ని.
కానీ నేను ఆ నల్లచక్రాలే కొన్నాను.
తగ్గింపు ధర. ఆదివారంతో ఆఖరు.
నేనూ మనిషినే.

అబద్ధమెందుకు, బాగా పరిగెత్తాయి.
నెల తిరక్కుండా గొడోవిచ్ మలుపులో
వెనక చక్రం గుంటలో దబ్బున పడింది.
ఆ తర్వాత చుట్టుకొకసారి బ్రేకు రబ్బరుకి రాసుకుంటూ
ఒకటే సణుగుడు.
దాన్ని చంకన పెట్టుకుని స్రెచ్కో గుమ్మంలో నిలబడ్డాను,
కొత్త డాక్టరు చీటీ పట్టుకుని
పాత డాక్టరు దగ్గరికి వచ్చినట్టు.

ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే తేలికపడేదాన్ని.
స్టాండుకెక్కించాడు. తిప్పాడు.
ఒక్కో స్పోకూ మీటుకుంటూ పోయాడు.
"ఎవరో శ్రద్ధగా కట్టారు."
"మెషీను కదా?"
"బిగించింది మెషీనే అయ్యుంటుంది.
ఎక్కించింది మాత్రం మనిషి. ఇటు చూడు."
వాల్వుకి ఎదురుగా, రిమ్ము లోపలి అంచున
వెండిరంగు పెన్నుతో చిన్న గీత.
దాని పక్కన: 31.

ఎవరి పేరుకి బదులు ఆ అంకె?
ఏ ఊరి షెడ్డులో, ఏ షిఫ్టులో,
టీ గంట ఎప్పుడు కొడతారా అని చూస్తూనో
బడి నుంచి పిల్ల వచ్చిందో లేదో అనుకుంటూనో
ముప్పై ఒకటి ఈ తీగని దూర్చి ఉంటుంది?

మిలోయ్కా కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుంటూ వచ్చింది.
స్పోకులు దాటే చోట వేలు పెట్టి నడిపింది.
"రెండిటి మీద నుంచి, మూడోదాని కింద నుంచి.
చెయ్యి తిరిగిన మనిషే" అని
మళ్ళీ తన దిండు దగ్గరికి పోయింది.

బెండు తీయడానికి ఇరవై నిమిషాలు.
ఎనిమిది యూరోలు.
చిల్లర వెతుకుతూ అడిగాను: "మరి ఆ గురువారం?"
అతను షెల్ఫు వైపు చూశాడు.
ఆ హబ్బు, ఆ రిమ్ము, రబ్బరు బ్యాండేసిన స్పోకుల కట్ట,
పైన నా పేరు చీటీ.
తీసెయ్యలేదు. దుమ్ము మాత్రం తుడిచినట్టుంది.

ఈ శనివారం వోయ్‌స్కో ఎక్కుతూ
పెడల్ పెడల్‌కీ లెక్కపెట్టాను.
ఇరవై తొమ్మిది, ముప్పై,
ఆ తర్వాతి అంకె దగ్గర ఎందుకో
బ్రేకు పట్టి, దిగి,
వెనక చక్రాన్ని కాసేపు ఉత్తినే తిప్పి చూశాను.