గడి లెక్క

ట్రంకు రోడ్డులో చీరల కొట్టు పైన
నలభై అడుగుల మనిషిని గీసింది నేనే.
మూలన ఎర్రగా, చిన్నగా, ఆర్ట్ రవణయ్య అని ఉంటుంది చూడండి.
ఉండేది. ఇప్పుడు ఆడ ఫ్లెక్సీ.

నీలిమందులో ముంచిన దారం లాగి వదిలితే టప్పున గీత.
ఫోటోలో అంగుళం, గోడ మీద నాలుగడుగులు.
సర్వి కొయ్యల మీద నేను, నడుముకు తాడు,
ఇరవై ఆరేళ్ళు, ముందటేడే పెళ్ళి.
పొద్దున్నించి మాపటిదాకా ఒక్క కన్ను.
కనుపాపలో తెల్లచుక్క నా తలకాయంత.
ఆ చుక్క పెట్టినాక ఆమె నన్ను చూసింది.
ఏం చెప్పేది?
తాడు లేకుంటే పడిపోయుందును,
కిందికి కాదు, లోపలికి.

ఆ రేత్రి నుంచి మొదలు.
కళ్ళు మూస్తే పెన్న ఇసకలో ఆమె ఒత్తిగిలి పడుకోనుంటుంది.
రంగనాయకుల గాలిగోపురం ఆమె మోచేతి ఎత్తు.
రెండు వేళ్ళతో నన్ను చొక్కా పట్టి ఎత్తుతుంది.
ఊపిరి వెచ్చంగా, తడి వరికుప్ప మీది ఆవిరిలాగా.
మెడ కింది గుంటలో దించుతుంది.
అంతకు మించి చెప్పను. మీకూ ఉంటాయి.

పిచ్చేమో అనుకున్నా చానా ఏళ్ళు.
పొగతోటలో మనసు డాక్టరు బోర్డు దాకా పోయి
ఆ బోర్డు రాసింది నేనేనని గుర్తొచ్చి తిరిగొచ్చినా.

అప్పటినుంచి మాటలు వినబడ్డం మొదలైనాయి.
అరచేతిలో పెట్టుకుని చూసుకుంటాది.
కొంగున ముడేసుకుంది.
కడుపులో పెట్టుకోమ్మా.
టీ అంగడి కాడ ఊరంతా ఆ కొలతలోనే మాట్లాడతా ఉండాది!
వాళ్ళు మాటగా అన్నదాన్ని
నేను అడుగుల లెక్కన కోరుకున్నా, అంతే తేడా.
కాకుంటే మగోడు ఆకాశమంత పెరిగితే దండం పెడతాం,
ఆడది పెరిగితే ముక్కు కోస్తాం.
అందుకే నోరు మూసుకున్నా.

ఎందుకంటే, నాకు తెలిసింది ఇంతే:
బాకీలోడి ముందర, మామ ముందర, కొట్టు సేటు ముందర
పగలంతా నా ఒంటికి మించి పెద్దోడిగా నిలబడి నిలబడి
రేత్రికి చిటికెనవేలంత అయిపోవాలనుండేది.
చిటికెనవేలంత మగోణ్ణి ఎవురూ లెక్క అడగరు.

ఒకటి మటుకు దాచను.
దగ్గర్నించి ఆమె మనిషి కాదు.
నల్ల పూత, తెల్ల పూత. పెదివంటే ఆరు గడుల ఎరుపు.
మనిషిగా కనబడాలంటే కొయ్యలు దిగి రోడ్డు దాటాల.
రోడ్డు దాటితే నేను మళ్ళీ మామూలు సైజు.

నిరుడు తుపానుకు కరెంటు పోయిన రేత్రి
వెంగమ్మకు చెప్పేసినా.
సెల్లు లైటు నేల మీద పెట్టి మజ్జిగన్నం తింటా ఉండాది.
ఆమె నీడ గోడెక్కి దూలం కాడ వంగింది.
నవ్వలేదు. చెయ్యి కడుక్కుంది.
"ఇప్పుడెంతుండావు?"
"చిటికెనవేలంత."
"ముప్పై నాలుగేళ్ళు రాకాసినే కదయ్యా నేను.
మీయమ్మ మంచం, నీ చీటీ బాకీలు, ఫ్లెక్సీలొచ్చినాక నీ తాగుడు,
అన్నీ ఈ చంకనే ఎత్తుకోనుంటి.
అప్పుడు ముద్దు రాలేదే నీకు?"

జవాబు నా దగ్గర లేదు.
కాసేపుండి, చెయ్యి లైటు ముందర పెట్టింది.
గోడ మీద ఐదు వేళ్ళు, సర్వి కొయ్యలంత,
నా నీడ చుట్టూ మెల్లంగా మూసుకున్నాయి.
గుండె పోయి ఇరవై ఆరేళ్ళ కాడ కొట్టుకుంది.

"చాలా?" అన్నది. "ఇంక కాళ్ళు పట్టు. పీకతా ఉండాయి."

పాదం ఒళ్ళోకి తీసుకున్నా.
జానెడు, మింద రెండు వేళ్ళు.
మడమ పగుళ్ళలో పసుపు.
నెల్లూరులో ఇన్ని గోడలు కొలిచినోణ్ణి,
దీన్ని కొలవడం ఇదే మొదలు.