కుర్చీలో దొరసాని

బడి ఆఫీసు గదిలో
నూట పదేళ్ళుగా కూర్చునే ఉందావిడ.
గుంటూరు దుమ్ము, మిరప ఘాటు, పావురాల రెట్ట
అన్నీ ఓర్చుకుని.

"కాస్త తుడిచి పెట్టు బాబ్జీ,
నూట పాతికేళ్ళ పండగకి అమెరికా వాళ్ళొస్తున్నారు"
అన్నారు హెడ్మిస్ట్రెస్ సుగుణరత్నం గారు.
ఫ్లెక్సీలొచ్చి నా కుంచెల్ని ఎండగట్టాక
ఇలాంటి పిలుపులే నాకు బత్తెం.

నిచ్చెనెక్కాను. పుల్లకి దూది చుట్టి
ఉమ్మి తడితో మొదలుపెట్టాను, నుదుటి దగ్గర.
కింద వాచ్‌మన్ యాకోబు గుండె పట్టుకున్నాడు:
"ఒరే, అమ్మగారి మొహం మీద ఉమ్మేస్తావా!"
నూనెరంగు మురిక్కి ఉమ్మిని మించిన మందు లేదు.
మా గురువు నేర్పినవాటిలో
నిఖార్సైన విద్య ఇదొక్కటే.

దూది నల్లబడేకొద్దీ
ఆవిడ తెల్లబడుతుందనుకున్నాను.
ఎర్రబడింది.
ఏప్రిల్ ఎండ తిన్న చెంపలు,
పై పెదవి మీద చెమట, ఒకే ఒక్క తెల్ల చుక్క.
ఏ ఊరివాడో ఆ చిత్రకారుడు,
సంతకమున్న మూలని చెద తినేసింది,
మన వేసవినంతా ఆ చుక్కలో పెట్టి
ఓడెక్కిపోయాడు.

మూడోరోజు ఒడిలోకి దిగాను.
ఎడమచెయ్యి పుస్తకం మీద, గోళ్ళతో సహా తయారు.
కుడిచెయ్యి లేదు.
మణికట్టు దాటాక నాలుగు మట్టిరంగు గీతలు,
వాటికింద గుడ్డ నేత.
చిత్రకారుడికి జ్వరమొచ్చిందో,
ఎవరికో నొప్పులొస్తున్నాయని కబురొస్తే
ఆవిడే లేచి వెళ్ళిపోయిందో.

"ఆ వేళ్ళు కూడా వేసెయ్ బాబ్జీ, బోసిగా ఉంది."

వేళ్ళు వెయ్యడం నాకు రాక కాదు.
సినిమా హాళ్ళ ముందు
నలభై అడుగుల హీరోల పిడికిళ్ళు నావే.
కూర్చున్న ఆడమనిషి చెయ్యి మాత్రం
ఒక్కటే ఎరుగుదును నేను.
యార్డులో టిక్కీల మధ్య గోనె పరుచుకుని
దీపాలు పెట్టేదాకా
మిరప తొడిమలు తుంచిన మా అమ్మది.
ఎంతసేపు కూర్చున్నా ఆ చెయ్యి
బొమ్మకి దొరికేలా ఆగలేదు,
రాత్రి మజ్జిగ గిన్నెలో మంట చల్లారేటప్పుడు తప్ప.

రంగు కలిపాను. తెలుపు, కాస్త ఇటుక ఎరుపు.
కుంచె మణికట్టు దాకా వెళ్ళి
అక్కడే ఆరిపోయింది.
వార్నిషు పూసి నిచ్చెన దిగాను.

బిల్లు రాసిచ్చాను:
మొహం తుడిచినందుకు తొమ్మిది వందలు.
ఫ్రేముకి చెదమందు, రెండొందల నలభై.
ఉమ్మి ఉచితం.
కుడిచెయ్యి ముట్టుకోలేదు,
పనిలో ఉంది.