ఎనభై ఆరు కిలోలు

ఇరవై రెండేళ్ళుగా నేను
ముఖాల కంటే ముందు తొడల్ని చూస్తున్నాను.
గొప్పకి చెప్పడం లేదు, ఇది నా ఉద్యోగం.

కైర్న్‌మౌత్‌లో మా మైదానానికి మూడు వైపులే గోడ.
నాలుగో వైపు ఉత్తర సముద్రం.
నవంబరు నుంచి మార్చి దాకా
అటునుంచి వచ్చే గాలి కూడా మాకు ఎదురు జట్టే.
దానికి ఎర్ర కార్డు చూపించే రిఫరీ ఇంకా పుట్టలేదు.

పోయిన జనవరిలో నాలుగు మ్యాచ్‌లు ఓడాం,
నాలుగూ కార్నర్ కిక్‌ల దగ్గరే.
మావాళ్ళు ఎగిరారు, పాపం, బాగానే ఎగిరారు.
గాల్లో ఎవడో భుజంతో తోస్తే
ఆరేసిన చొక్కాల్లా పక్కకి పోయారు.
ఐస్ ఫ్యాక్టరీ ఫార్కర్, మా క్లబ్బు అధ్యక్షుడు,
నా బల్ల మీద పిడికిలి ఆనించి అన్నాడు:
"ఈసారి కళాకారులు వద్దు. గోడ కావాలి.
డబ్బు ఒక్కడికే ఉంది."

శనివారం పద్దెనిమిది మంది కుర్రాళ్ళు వచ్చారు.
చేపల పెట్టెలు తూచే కాటా అరువు తెచ్చాం.
స్ట్రూవన్ ఎక్కగానే ముల్లు ఉలిక్కిపడింది.
ఎనభై ఆరు.
మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలవుతుందో
వాళ్ళమ్మకైనా తెలుసో లేదో.
తెల్లవారుజామున రేవులో పెట్టెలు మోసి
అటునుంచి అటే వచ్చాడు,
మోచేతుల మీద పొలుసులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

తర్వాత ఇనిస్, వలలు బాగుచేసే మావిస్ మనవడు.
యాభై తొమ్మిది, బూట్లతో కలిపి.
అంకె రాశాను. అబ్బాయిని అప్పుడే కొట్టేశాను, మనసులో.

మొదటి అరగంట.
స్ట్రూవన్ పొట్టేలులా వచ్చి ఢీకొట్టాడు.
కొట్టిన చోట ఇనిస్ లేడు.
ఖాళీని గుద్దుకుని పడ్డ ఆ చప్పుడు
టీ గది దాకా వినిపించింది.
మళ్ళీ వచ్చాడు. మళ్ళీ లేడు.
నేను నవ్వాను,
నవ్వగానే నా ఎడమ మోకాలు నన్ను చూసింది.

నేనూ ఒకప్పుడు స్ట్రూవన్‌నే.
నన్ను దాటడమంటే ఇరుకు సందులో లారీని దాటడమే అనేవారు.
ఇరవై తొమ్మిదో ఏట, ఒక మామూలు మధ్యాహ్నం,
చిప్ప కింద ఏదో సన్నగా తెగింది,
చొక్కా గుండీ ఊడినంత చప్పుడు కూడా లేదు.

అప్పుడు వాన మొదలైంది.

బురద ఇనిస్ మడమలు పట్టుకుంది.
వాడి ఆలోచన బంతి దగ్గరికి ముందే చేరుతోంది,
కాళ్ళే ఆలస్యంగా వస్తున్నాయి.
అటు స్ట్రూవన్ బంతిని కాలి కింద పెట్టి
వీపు తిప్పి నిలబడ్డాడు.
ఇద్దరు చొక్కా పట్టుకు వేలాడుతున్నారు.
నిలబడ్డాడు, అంతే.
ఆ నిలబడటంలో మిగతా పదిమందికీ
ఊపిరి పీల్చుకోను తీరిక దొరికింది.
దీన్ని చిన్నచూపు చూసేవాడు
ఏ జనవరిలోనూ ఆడి ఉండడు.

ఆఖరి విజిల్‌కి ముందు ఇనిస్ బోర్లా పడ్డాడు.
స్ట్రూవన్ వెనక్కి వచ్చి
పిల్లికూనని ఎత్తినట్టు కాలర్ పట్టి లేపి,
వాడి మొహం మీది బురద తన మోచేత్తో తుడిచాడు.
ఉన్న బురదకి పొలుసులు కూడా అంటుకున్నాయి.
ఇద్దరూ ఏదో అనుకుని పగలబడి నవ్వారు, గాలికి నాకు వినపడలేదు.
నా కాగితంలో ఎత్తుకి గడి ఉంది, బరువుకి ఉంది,
పరుగుకి ఉంది.

సాయంత్రం ఫార్కర్ ఫోన్.
"దొరికాడా?"
"దొరికాడు."
"ఎంత?"
"ఎనభై ఆరు."
"తీసేసుకో."
రెండో వాడి గురించి అతను అడగలేదు,
నేను చెప్పలేదు.

కారు చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.
అద్దం మీద వాన, జేబులో టీ బిల్లు,
బిల్లు వెనక మావిస్ ఇంటి ఫోన్ నంబరు.
చివరి అంకె తడిసింది,
మూడో, ఎనిమిదో.