ఇరవైతొమ్మిదో పాయింటు

ఆ ఫోను ఓపాలి దించు బాబూ,
నీ కిరికెట్టు ఎక్కడికీ పారిపోదు.
నాను దానికి పగోణ్ణి కాను.
కాకపోతే ఒకడు ఇసురుతాడు, ఒకడు బాదతాడు,
మిగిలినోళ్ళు సేలో పిట్టలు తోలినట్టు నిలబడతారు.
ఈ మాటన్నానని మా మనవడు
రెండ్రోజులు నాతో పలకనేదు.

ఆటంటే బాల్ బేడ్మింటను.
పక్కకి ఐదుగురు. మజ్జిన నెట్టు.
పసుపుపచ్చ ఉన్ని బంతి, కోడిపిల్లంత మెత్తన.
మజ్జి గవరయ్య బేటుకి తీగలు బిగించుకోడానికి
రైలెక్కి ఇజీనారం ఎల్లీవోడు,
పెళ్ళిసూపులికి కూడా అంత ముస్తాబుగా ఎల్లనేదు.

నెల్లిమర్ల మిల్లు కూత కూసిందంటే
రెండో షిఫ్టోళ్ళు లోపలికి, మావు బయటికి.
జుట్టునిండా గోగునార, కనుబొమలమీదా నారే.
గేటుకాడ అందరం తలనెరిసిన ముసిలోళ్ళం,
సున్నం గీతలు దాటితే పదారేళ్ళ గుంటలం.

మా కోర్టు ఎక్కడనుకున్నావు?
టూరింగు టాకీసులో.
సుట్టూ తాటాకు దడి, పైన ఆకాశం,
పగలు నెట్టు కట్టిన గుంజలికే
రాత్రికి తాడు బిగించి పరదా అడ్డం లాగీవోరు,
ఇటు ఆడోళ్ళు, అటు మగోళ్ళు.
మా ఎనకగీత మీదే కూకుని
ఊరంతా ఏడిసీది, ఊరంతా నవ్వీది.

పాత సినిమాలు మంచియ్యని నాననను.
సగం సినిమాల్లో హీరోకి పరిగెట్టడం రాదు.
కానీ మూడో రీలు తెగిపోనప్పుడు సూడాల,
పకోడీ పొట్లం ఇప్పుకుని
తరవాతేటవుద్దో మావే సెప్పుకునీవోళ్ళం.
మా కత బాగుండీది.
తీసినోడి కత వొచ్చీసరికి
అబ్బే, ఇదా, అనిపించీది.
ఇప్పుడేదీ తెగదు. అదే దీనికున్న జబ్బు.
జముకులకత సెప్పీవోడు కూడా
సరిగ్గా తల తెగీకాడ ఆపీసి
సుట్ట ముట్టించుకునీవోడు కాదేటి?

ఓనాడు గరివిడి ఫేక్టరీ టీముతో ఫైనలు.
సెరో గేము అయిపోనాది.
మూడోది సెరో ఇరవై ఎనిమిది.
పొద్దు గూకిపోనాది.
మొదటాటకి టిక్కెట్లు కోసీసినారు,
జనం దడిసుట్టూ నిలబడి ఒకటే ఈలలు.
పట్నాయక్ గారు, టాకీసు మేనేజరు,
జేబులోంచి వాచీ తీసి సూసి, మళ్ళీ జేబులో ఏసీసి
"జోగులూ, మిసను ఎలిగించు" అన్నాడు.

బొమ్మ నేని ఎలుగు
తిన్నగా మా మీద పడ్డాది బాబూ.
బంతి లెగిస్తే
ఎనక తెరమీద దాని నీడ
గుమ్మడికాయంత, బండిసక్రమంత, సెందమామంత.
జనం ఆట సూడ్డం మానీసి తెర సూసినారు.
గవరయ్య నీడ ఎగిరింది,
దాలినాయుడి నీడ ఒంగింది.
ఏ సినిమాలోనూ నాను అలాటి ఫైటు సూణ్ణేదు.

ఆఖరికి నాను కొట్టినాను.
ఎనకమూలకి, ఎత్తుగా.
బంతి గాల్లో ఉండగా
మిసన్లో కార్బను పుల్ల అరిగిపోనాది.

సీకటి.
ఉన్ని బంతి పడితే సప్పుడు సెయ్యదు.

మళ్ళీ ఎలుగొచ్చీసరికి బంతి నేదు.
గీత లోపలన్నాడు గవరయ్య.
బయటన్నాడు దాలినాయుడు.
పట్నాయక్ గారు గంట కొట్టీసినాడు,
జనం వొచ్చి గీతలమీద కూకుండిపోనారు.

నలబయ్యేళ్ళయింది.
ఇప్పటికీ పింఛను రోజున
ఇద్దరూ ఈ టీకొట్టుకాడే తగువాడుకుంటారు,
తగువాడుకునీదానికే దాలినాయుడు
మోకాలు నొప్పితో బస్సెక్కి వొస్తాడు.

నీతో సెప్తన్నాను, ఎవుడితోనూ అనకు.
మర్నాడు మరమరాలమ్మీ పైడమ్మ
తట్ట దులిపి ఆ బంతి నా సేతిలో పెట్టింది.
"ఏటి బాబూ, నిన్న నా ఒళ్ళో పడింది."
పైడమ్మ ఎప్పుడూ కూకునీది
దడి వోర, గీతకి రెండు మూరలవతల.

ఆ బంతి మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది.
పురుగు కొట్టి సగమైపోనాది.
ఉండనీ.

సరే, ఫోన్ తియ్యి.
ఇంతకీ ఎంత కొట్టినారు?